జేబుల్లో చేతులు

ఫిబ్రవరి 9

కుట్టుపని నేర్చుకున్న రోజుల నోటుపుస్తకం దొరికింది. వెనక సగం ఖాళీ. ఇందులో రాసుకుంటాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, మా సందులో పెదవి కూడా దాటక్కర్లేదు. ఎదురు బాల్కనీలోంచి మా ఆడపడుచు రఫిలీనా నా భుజాలు ఎత్తిన తీరు చూసి నా కడుపులో సంగతి చెప్పేస్తుంది. అందుకని తలుపేసుకుని రాస్తున్నాను.

ఇవాళ రేవులో మా ఆయన గొంతు సగంలో తెగిపోయింది. "నెత్తళ్ళు, ప్రాణమున్న నెత్తళ్ళు" అని రోజూలాగే కేక పెట్టాడు. రెండోసారి "నెత్తళ్ళు" దగ్గర గాలి మాత్రం వచ్చింది. మా ఆయన అనియెల్లో గొంతంటే మా ఊరు కాస్తెల్లమ్మారెలో మూడు సందులకి గడియారం, ఆ కేక విని పొయ్యి మీద నీళ్ళు పెట్టుకునేవాళ్ళున్నారు. పక్క బల్ల టొమ్మాసో నవ్వాడట.

ఇంటికొచ్చి పులుసులో ఉప్పు తక్కువైందని నా మీద అరవబోయాడు. రాలేదు. అయిదు వేళ్ళూ మొగ్గలా ముడిచి నా ముఖం ముందు ఊపాడు, ఏంటే ఇది అని.

ఎవరు చూస్తారు కనక, నిజమే రాస్తాను. నాకు హాయిగా అనిపించింది. ఇరవై ఏళ్ళుగా ఆ గొంతు కింద కాపురం చేస్తున్నాను. మా ఇంట్లో పోట్లాటయితే తప్పెవరిదో ఎదురింటి పిల్లలు కూడా తీర్పు చెబుతారు. ఒక్క పూట నోరు మూసుకుంటే ఎంత బాగుంటుందో అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

ఫిబ్రవరి 21

ఇక్కడి డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూశాడు. చెయ్యి ఇటూ అటూ తిప్పాడు, త్రాసు ముల్లు ఆడినట్టు. దాని పేరు ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. మా ఊళ్ళో దాన్ని ఆ చెడ్డది అంటారు. ఇంటికి రాగానే కీడు తగలకుండా పొయ్యి ఇనుము ముట్టుకున్నాను. అనియెల్లో రెండు వేళ్ళు కొమ్ముల్లా నేలకేసి దించాడు. చెడు భూమిలోకి పోవాలని.

మార్చి 2

చిన్న రైల్లో నేపుల్స్ వెళ్ళాం, పెద్దాసుపత్రికి. అక్కడ గొంతులు చూసేది డాక్టర్ బోసియో. ఎక్కడో ఉత్తరాన తురీను నుంచి కొత్తగా వచ్చాడు. మంచివాడే కాబోలు, కానీ చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడతాడు. అలాంటి మనిషి మాట నా చెవికి ఎక్కదు. ఏదో దాచుకున్నట్టుంటుంది.

"గొంతుపెట్టె మొత్తం తీసెయ్యాలి. మెడ దగ్గర చిన్న రంధ్రం పెడతాం, దానితో ఊపిరి తీసుకుంటారు. బతుకుతారు. మాట మాత్రం ఉండదు."

"తియ్యకపోతే?" అన్నాను.

"వేసవి చూడరు."

తిరుగు రైల్లో అనియెల్లో నా చెవి దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు, అప్పటికి ఆ మాత్రం వస్తోంది. "చేపలకి ఎలాగూ నోరు లేదు. అమ్మేవాడిక్కూడా లేకపోతే బేరం ఎవడు చేస్తాడే?"

"నవ్వులాటా ఇది?"

"కాదు. నేను ఒప్పుకోను, నున్జియా. వేసవి దాకా చాలు నాకు. నా నోటితో నేను పోతాను."

"మరి నేనో?"

కిటికీలోంచి కొండ చూస్తూ కూచున్నాడు.

మార్చి 6

నిన్న సాయంత్రం ఊపిరి ఆడలేదు. టొమ్మాసో చేపల బండిలో నేపుల్స్ తీసుకెళ్ళాం. పొద్దున్న డాక్టర్ బోసియో వచ్చేసరికి అనియెల్లో తోపుడుమంచం మీద ఉన్నాడు. సూది ఇచ్చారు. గుసగుస కూడా పోయింది. చేతులు దుప్పటి కింద, పైన బిగించి కట్టిన పట్టీ.

డాక్టరు వంగి ఒక్కో మాటా విడదీసి అడిగాడు, చెవిటివాణ్ణి అడిగినట్టు. "లోపల వాపు మూసుకుపోతోంది. ఇవాళే చెయ్యాలి. మీ ఇష్టం లేకుండా చెయ్యను. మీకు సమ్మతమేనా?"

అనియెల్లో కనుబొమలెత్తి, గడ్డం పైకి లేపి, తల వెనక్కి ఎగరేశాడు.

"శభాష్," అన్నాడు డాక్టరు. భుజం తట్టాడు. "ధైర్యవంతులు."

తురీనువాడు. వాళ్ళ ఊళ్ళో వద్దనాలంటే తల పక్కలకి ఆడిస్తారు. గడ్డం పైకి లేస్తే వాళ్ళకి అది సరే అన్నట్టే. మా వైపు పాలుతాగే పిల్లాడిక్కూడా తెలుసు, ఆ ఎగరేయడమంటే కాదు, వద్దు అని. వచ్చి ఎన్నాళ్ళయిందో, ఎవరూ చెప్పలేదా ఆయనకి? అక్కడున్న నర్సు సిస్టరమ్మ చెప్పొచ్చుగా. ఆమె సిసిలీ మనిషి, వాళ్ళదీ మా సైగే. కానీ ఆమె సీసాలు సర్దుతోంది, అటు తిరిగి ఉంది.

నేను ఇటు తిరిగి ఉన్నాను.

అనియెల్లో కళ్ళు నా మీదికి తిరిగాయి. దుప్పటి కింద చెయ్యి కదిలింది, పట్టీ దాకా వచ్చి ఆగింది. డాక్టర్ గారూ అని పిలవడానికి నేను నోరు తెరిచాను. తెరిచాను, అది దేవుడు చూశాడు. అప్పటికే చక్రాలు కదిలాయి.

వారం నుంచీ ఊపిరి అందనప్పుడల్లా అలాగే తల వెనక్కి వేస్తున్నాడు. ఊపిరి కోసమే వేసి ఉంటాడు.

మార్చి 7

ఊపిరి కోసమే.

మార్చి 19

సెయింట్ జోసెఫ్ పండగ. వీధంతా నూనె వాసన, అందరిళ్ళలోనూ తీపి బూరెలు. నేను రెండు మూటగట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాను, మింగలేడని తెలిసి కూడా.

మెడలో రంధ్రం. దాని మీద పల్చటి గుడ్డ. దగ్గితే ఆ గుడ్డ కదులుతుంది. నేను చూసి తట్టుకున్నాను. బతికి ఉన్నాడు. మార్చి దాటుతోంది, బతికి ఉన్నాడు, వేసవి కూడా చూస్తాడు. అది నా గెలుపు కాదా?

ఆసుపత్రివాళ్ళు పలకా సుద్దముక్కా ఇచ్చారు. డాక్టరు కోసం దాని మీద రాస్తాడు. పక్క మంచం మనిషి మా వైపు పొజ్జువోలీ ఊరివాడు, వాడితో మాత్రం చేతులతో కబుర్లు, ఇద్దరూ చప్పుడు లేకుండా నవ్వుకుంటున్నారు. నేను వెళ్ళి కూచోగానే చేతులు ఆగిపోయాయి. పలక అందుకున్నాడు.

"నువ్వు చూశావు" అని రాశాడు.

"ఏం చూశాను?" అన్నాను.

గుడ్డతో పలక తుడిచాడు. చేతులు రెండూ దుప్పటి కింద పెట్టుకున్నాడు. బూరెలు పొజ్జువోలీవాడు తిన్నాడు.

మే 3

ఇంటికొచ్చాం. సందంతా బాల్కనీల్లోకి వచ్చి నిలబడింది. రఫిలీనా ఏడుస్తూ అన్న మెడ పట్టుకోబోయి, రంధ్రం గుర్తొచ్చి, చెవులు పట్టుకుంది. అందరితోనూ చేతులతోనే చెప్పాడు. బాగున్నాను, ఆకలేస్తోంది, ఆసుపత్రి కూడు కుక్కలకి పెట్టండి. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

లోపలికి వచ్చి తలుపేశాక చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

మే 4

చలి అనుకుంటా.

జూన్ 13

చలి లేదు. ఎండ మండిపోతోంది. చొక్కా విప్పి తిరుగుతున్నాడు, చేతులు మాత్రం పంట్లాం జేబుల్లోనే.

నాతో ఏదన్నా చెప్పాలంటే పలక తీస్తాడు. "ఉప్పు." "చొక్కా." "టొమ్మాసో వస్తాడు." బడిలో నేర్పిన అచ్చమైన అక్షరాలు, ఒంపుసొంపులు కూడా తప్పవు. పలక తురీనువాళ్ళ కోసం ఇచ్చింది. మన చెయ్యి చదవలేనివాళ్ళ కోసం. డాక్టరుకి పలక, నాకు పలక.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఆయన బుట్ట నెత్తిన పెట్టుకుని మా బాల్కనీ కింద ఆగేవాడు. లోపల మా నాన్న ఉండేవాడు, చెవులు పాము చెవులు. అందుకని రెండు చూపుడువేళ్ళు పక్కపక్కన ఆనించి చూపించేవాడు, నువ్వూ నేనూ అని. నేను దండెం మీద బట్టలు ఆరేస్తూ ఒక్క వేలు కదిపేదాన్ని. ఆ వేసవంతా ఒక్క మాట లేకుండా నడిచింది. గొంతంతా రేవుకి పెట్టినా, నాకు మొదట ఇచ్చింది చేతులు.

ఇప్పుడు అవి ఊరందరికీ ఉన్నాయి.

ఆగస్టు 30

రేవులో ఆయన బల్ల చుట్టూ జనం తిరణాలలా ఉన్నారు. నేను ఉల్లిపాయల బల్ల వెనక నిలబడి చూశాను. ఎవత్తో ఒక లావుపాటామె చేప తాజాదేనా అంది. అనియెల్లో గుండె మీద చెయ్యేసుకుని ఆకాశం చూశాడు. ఎలా ఉంటుంది రుచి అంది. చూపుడువేలు బుగ్గలో గుచ్చి తిప్పాడు, కళ్ళు మూసుకుని, మోక్షం వచ్చినట్టు. మరి టొమ్మాసో తక్కువకి ఇస్తున్నాడే అంది. కంటి కింద రెప్ప వేలితో లాగాడు, జాగ్రత్త తల్లీ అని. జనం విరగబడి నవ్వారు. టొమ్మాసో కూడా నవ్వాడు.

"నోరున్నప్పటికంటే బాగా మాట్లాడుతున్నాడు, నున్జియా," అంది ఉల్లిపాయలమ్మి. "ఆ తురీను డాక్టరు చేతులు చల్లగుండ. నీ అదృష్టం."

అదృష్టం అంటే ఇదేనని నాకూ ఇప్పుడే తెలిసింది. ఇంటికొచ్చాను. ఆయన వచ్చాడు. పలక మీద "నీళ్ళు" అని రాశాడు.

అక్టోబరు 17

రఫిలీనాతో గొడవ. ఆమె అడిగింది సరదాకే. "ఏంటి వదినా, మా అన్న నీ దగ్గర చేతులు కట్టేసుకున్నాడు? నిన్న కిటికీలోంచి చూశా. పలకేంటి, స్కూలు పెట్టారా ఇంట్లో?"

"కళ్ళు నీ కిటికీ దాకా పెట్టుకో."

"అబ్బో. ఏం చేశావో చెప్పు. ఊరికే అలగడు వాడు."

"బతికించాను. అది చేశాను."

ఆమె వేళ్ళు మొగ్గలా ముడిచింది కానీ ఊపలేదు. నా ముఖం చూసి ఆగిపోయింది. "అయితే వాడు ఒప్పుకోలేదా?" అంది మెల్లగా.

"ఒప్పుకోకపోతే డాక్టరు చేస్తాడా?" అన్నాను.

ఆమె నా భుజాలకేసి చూస్తోంది. కుర్చీలో గట్టిగా ఆనుకుని కూచున్నాను, కదలకుండా.

"నీకు మొగుడు కావాలి, వాడి గొంతు నీకెప్పుడు కావాలి కనక," అని లేచి వెళ్ళిపోయింది.

తొమ్మిదో తారీఖున, ఫిబ్రవరిలో, ఇందులో నేను రాసిన మాట మళ్ళీ చదివాను. ఆ కాగితం చింపుదామని చెయ్యి పెట్టి తీసేశాను. ఆయన గొంతు పోవాలని నేను కోరుకోలేదు. ఆయన ఉండాలని కోరుకున్నాను. రెండూ ఒకటి కావు. ఆ ఒక్క క్షణంలో ఏది ముందు ఏది వెనక అంటే నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు.

డిసెంబరు 24

పండగ ముందు రోజు మలుగుపాము చేపలు అమ్ముతారు రేవులో, ప్రాణంతో. ఒకటి తొట్టిలోంచి దూకి పారిపోయింది. అనియెల్లో దాని వెనక పరిగెత్తాడు, పట్టుకున్నాడు, జారింది, మళ్ళీ పట్టుకున్నాడు. నవ్వుతున్నాడు. అది నా కాళ్ళ మధ్యకి వచ్చింది. నేను గౌను ఎత్తి గెంతాను. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే కుడిచెయ్యి లేచింది. ఏదో చెప్పబోయాడు నాకు. చెయ్యి గాల్లో ఉంది. నేను దాన్ని చూశాను.

అంతలో గుర్తొచ్చింది ఆయనకి. ఆ చేత్తో మలుగుపాముని పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఏం చెప్పబోయాడో అడగలేదు. అడిగితే పలక మీద రాస్తాడు.

ఫిబ్రవరి 11

మెడ పక్కన గడ్డ. గోళీకాయంత. ఆయనకి ముందే తెలుసు, నాకు చూపించలేదు. రఫిలీనాకి చూపించాడు.

ఇనుము ముట్టుకోలేదు ఈసారి.

ఫిబ్రవరి 18

దీన్ని జాగ్రత్తగా రాయాలి.

డాక్టర్ బోసియో లావయ్యాడు, మా ఎండకి రంగు మారాడు. చేతులు వెనక కట్టుకోవడం మానేశాడు. గడ్డ నొక్కి చూసి కూచోమన్నాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కొయ్యాలి, మెడ ఎడమవైపంతా. ఈసారి గట్టిగా ఏమీ చెప్పలేను అన్నాడు.

తర్వాత గొంతు సవరించుకున్నాడు. "ఒకటి అడగాలి మిమ్మల్ని. నేను ఒకసారి కూరగాయల కొట్టుకి వెళ్ళి చిక్కుళ్ళున్నాయా అన్నాను. ఆయన తల ఇలా ఎగరేశాడు." ఎగరేసి చూపించాడు, మావాళ్ళలాగే. "నేను తెస్తాడనుకుని అక్కడే నిలబడ్డాను. చివరికి వాళ్ళావిడ వచ్చి, లేవు నాయనా, ఎన్నిసార్లు చెప్పాలి అంది. అప్పుడు తెలిసింది. అది గత వేసవిలో." ఆయన అనియెల్లోకేసి చూశాడు. "మీకు ఆపరేషను చేసింది మార్చిలో. అది తెలిసినప్పటి నుంచీ నాకు నిద్ర సరిగ్గా లేదు. ఆ రోజు మీరు ఏం చెప్పారు నాకు?"

నా నోట్లో మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆయన వద్దన్నాడు డాక్టర్ గారూ, నేను చూశాను, నేను చెప్పలేదు. ఏడాది నుంచీ నమిలీ నమిలీ అవి మెత్తబడి ఉన్నాయి. చెప్పేస్తే ఆ చేతులు జేబుల్లోంచి వస్తాయని కూడా అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. లేచి నిలబడ్డాను.

అనియెల్లో నా గౌను పట్టుకుని లాగి కూచోబెట్టాడు. డాక్టరుకేసి చూసి తల కిందికి దించాడు. అవును, ఒప్పుకున్నాను అని. డాక్టరు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు పాపం.

"మరి ఇప్పుడు?" అన్నాడు.

గడ్డం పైకి లేచింది. తల వెనక్కి ఎగిరింది. ఎంత నిదానంగా, ఎంత స్పష్టంగా చేశాడంటే గోడ మీద బొమ్మకి కూడా అర్థమై ఉంటుంది.

"అర్థమైంది," అన్నాడు డాక్టరు.

ఎవరికీ నా అవసరం లేకపోయింది.

రైల్లో అడిగాను. "ఆయన ముందు అబద్ధం ఎందుకు చెప్పావు?"

కిటికీలో కొండ దాటాక సంచిలోంచి పలక తీశాడు.

"పరాయివాళ్ళ ముందు ఎందుకు" అని రాశాడు. రాసి నాకు చూపించాడు. నాకు, పలక మీద.

మార్చి 22

రేవుకి వెళ్ళడం మానేశాడు. టొమ్మాసో వస్తాడు, ఇద్దరూ చేతులతో పోట్లాడుకుంటారు, ఎవరు ఎవరి గిరాకీని ఎత్తుకుపోయారని. నేను కాఫీ పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతాను. నేనుంటే ఆపేస్తాడు. వంటింటి తలుపు సందులోంచి గోడ మీద నీడలు కనిపిస్తాయి. నీడల్లో సగం అర్థమవుతుంది.

ఏప్రిల్ 8

క్షమించమని అడిగాను. అన్నం పెడుతూ అడిగాను, చేతిలో గరిటె ఉంది. చూశాడు. పలక కోసం వెతికాడు. పలక నేనే దాచాను, పొద్దున్న, పిండి డబ్బా వెనక.

చేతులు జేబుల్లో పెట్టుకుని అలా కూచున్నాడు, అన్నం చల్లారేదాకా. చివరికి పలక తెచ్చిచ్చాను. ఏమీ రాయలేదు.

ఏప్రిల్ 26

మంచం ఎక్కాడు. రాత్రి చొక్కాకి జేబుల్లేవు. చేతులు దుప్పటి పైనే ఉన్నాయి, అరచేతులు పైకి తెరుచుకుని. ఎప్పుడైనా చూడొచ్చు నేను. అవి ఏమీ చెప్పడం లేదు.

ఏప్రిల్ 29

గోళ్ళు తీశాను. చేతులు ఇచ్చాడు. బలం లేక ఇచ్చాడో ఏమో, లాక్కోలేదు. రెండు చూపుడువేళ్ళూ పక్కపక్కన పెట్టి పట్టుకున్నాను కాసేపు, నేనే. వదిలేస్తే విడిపోయాయి.

మే 2

పొద్దున్న తొమ్మిదింటికేమో, ఎండ మంచం మీద పడుతోంది. రఫిలీనా కిటికీ దగ్గర జపమాల తిప్పుతోంది. నేను ఆయన ముఖానికి దగ్గరగా వంగాను.

"అనియెల్లో, నా మీద ఇంకా కోపమేనా?"

కళ్ళు తెరిచాడు. నన్నే చూశాడు, మరెవర్నీ కాదు. కనుబొమలు లేచాయి. గడ్డం పైకి లేచింది. తల దిండు మీద వెనక్కి వెళ్ళింది.

"ఊపిరాడ్డం లేదు వాడికి, వదినా," అంది రఫిలీనా లేచి వస్తూ. "దిండు ఎత్తు, చూస్తావేం?"

దిండు ఎత్తాను. మెడ మీద గుడ్డ కదిలింది. తర్వాత కదల్లేదు.

మే 5

మట్టి ఇచ్చి వచ్చాం. రేవంతా వచ్చింది. టొమ్మాసో ఇవాళ బల్ల వెయ్యలేదు. డాక్టర్ బోసియో పూలు పంపాడు.

రఫిలీనా వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది, పాపం ఆఖరికి ఊపిరి కోసం తల ఇలా వెనక్కి వేశాడని. వేసి చూపిస్తోంది. చూసినవాళ్ళు అయ్యో అంటున్నారు.

ఊపిరి కోసం కాదు. కాదు అన్నాడు. కోపం లేదు అన్నాడు. నేను ఈ ఊళ్ళో పుట్టినదాన్ని, నాకు తెలియదా.